పక్కకు జరిగి నిలబడ్డ స్త్రీలు

శిశువిద్య మీద తెలుగులో వచ్చిన రచనలు చదువుతుంటే అందులో ఇద్దరు ఎప్పుడూ కనిపిస్తారు. ఒకరు బిడ్డ. రెండోవారు ఆ బిడ్డని అర్థం చేసుకున్న సిద్ధాంతకర్త. పిల్లలు తమంతట తాము నేర్చుకుంటారు, వాళ్ల పనిని వాళ్లని ఎంచుకోనివ్వాలి, పెద్దవాళ్లు అడ్డు తొలగాలి అనే మాటలు ఆ రచనల్లో వస్తూనే ఉంటాయి. అందులో నాకు పేచీ లేదు. కానీ అడ్డు తొలగిన ఆ పెద్దమనిషి ఎవరు? ముప్పై మంది పిల్లలున్న గదిలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎవరికీ అడ్డం రాకుండా, ఎవరికీ దెబ్బ తగలకుండా చూస్తూ ఉన్నది ఎవరు? ఆమెకి జీతమెంత? ఈ ప్రశ్నలు ఆ రచనల్లో దాదాపు రావు.

నా డాక్టరేట్ పరిశోధన స్త్రీల ఆత్మకథల మీద. ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో పుట్టిన స్త్రీల జీవితాలు చదువుతూ పోతే వాళ్లలో ఎంతోమంది ఏదో ఒక మలుపులో చిన్నపిల్లల బడి దగ్గరికి చేరడం గమనించాను. బాల్యవివాహం, వైధవ్యం, భర్తను వదిలి రావడం, ఆ తర్వాత ఒక బాలమందిరం. ఇది స్త్రీలకి సహజమైన మాతృప్రేమ వల్ల జరిగిందని చెప్పేస్తే చరిత్ర అక్కడితో ముగిసిపోతుంది. ఆ మాతృప్రేమ అనే మాటే ఈ చరిత్రని ఎలా కప్పేసిందో చూడడానికి ఈ వ్యాసం.

1907 జనవరి 6న రోమ్ నగరంలో శాన్ లొరెంజో అనే కూలీల పేటలో ఒక గది తెరిచారు. ఆ పేటలో పాతబడ్డ భవనాలను బాగుచేసి అద్దెకిస్తున్న ఒక సంస్థకు పెద్ద చిక్కు వచ్చింది. తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి పోతారు. బడి వయసు రాని పిల్లలు రోజంతా మెట్ల మీదా వరండాల్లోనూ తిరిగి, కొత్తగా సున్నం వేసిన గోడలు పాడుచేస్తారు. మరమ్మతులకి అయ్యే ఖర్చుతో వాళ్లందర్నీ ఒకచోట కూర్చోబెట్టొచ్చని సంస్థవారు లెక్క వేసుకున్నారు. ఆ పని డాక్టర్ మరియా మాంటిస్సోరికి అప్పగించారు. మూడు నుంచి ఆరేళ్ల వయసున్న యాభై మందికి పైగా పిల్లలు వచ్చారు. పిల్లల స్వేచ్ఛ గురించి ప్రపంచమంతా మాట్లాడుకున్న ప్రయోగం ఇంటి యజమానుల గోడల బెంగతో మొదలైందన్న సంగతి మాంటిస్సోరి దాచుకోలేదు. తన పుస్తకంలోనే రాసింది.

ఆ గదిలో పిల్లలతో ఉన్నది మాంటిస్సోరి కాదు. ఆమె డాక్టరు, ఉపన్యాసకురాలు, వారంలో అప్పుడప్పుడూ వచ్చి వెళ్లేది. రోజూ ఉన్నది ఆ భవనం కాపలాదారు కూతురు. ఉపాధ్యాయ శిక్షణ లేని పేదింటి యువతి. ప్రసిద్ధమైన ఆ తొలి పరిశీలనలన్నీ ఆమె ఎదుట జరిగినవే.

ఒకరోజు ఆమె బడికి ఆలస్యంగా వచ్చింది. ముందురోజు బీరువాకి తాళం వేయడం మరిచిపోయింది. వచ్చేసరికి పిల్లలు బీరువా తెరిచి ఎవరికి కావలసిన వస్తువు వాళ్లు తీసుకుని పని చేసుకుంటున్నారు. ఆమె దాన్ని దొంగతనం అనుకుంది. మాంటిస్సోరి ఎంపిక అనుకుంది. ఆ తర్వాత తాళం వేసే పెద్ద బీరువా పోయి, పిల్లల చేతికి అందే పొట్టి అరలు వచ్చాయి. ఇవాళ ఏ మాంటిస్సోరి తరగతిలోనైనా కనిపించే ఆ అరల వెనక ఒక ఉద్యోగిని మతిమరుపు ఉంది. తాళం వేయకపోతే, వస్తువు పోతే తననే అంటారన్న భయమూ ఆమెకి ఉండే ఉంటుంది. జీతానికి పనిచేసే మనిషి దొంగతనం గురించి ముందుగా ఆలోచించడంలో వింతేమీ లేదు.

మాంటిస్సోరి చెప్పిన మరో సంగతి నాకు బాగా ఇష్టం. నీళ్ల తొట్టిలో తేలే బొమ్మల చుట్టూ పిల్లలు గుంపుగా మూగారు. రెండున్నరేళ్ల పిల్లాడికి ఏమీ కనబడడం లేదు. గుంపులోకి తోసుకుని వెళ్లబోయాడు, కుదరలేదు. వెనక్కి వచ్చి నిలబడి చుట్టూ చూశాడు. చిన్న కుర్చీ కనిపించింది. దాన్ని తెచ్చుకుని ఎక్కాలని వాడికి తట్టింది. మొహం వెలిగిపోయింది. కుర్చీ వైపు కదులుతుండగా పంతులమ్మ జాలిపడి వాణ్ణి చంకలోకి ఎత్తుకుని బొమ్మలు చూపించింది. బొమ్మలు కనిపించాయి గానీ వాడి మొహంలో వెలుగు పోయింది. తన అడ్డంకిని తనే దాటబోతున్న బిడ్డకి ఆ ఆనందం అందకుండా పోయిందని మాంటిస్సోరి బాధపడింది.

ఈ కథని అందరూ పిల్లాడి వైపు నుంచి చెబుతారు. పంతులమ్మ వైపు నుంచి కూడా చూద్దాం. ఏడవబోతున్న పిల్లాణ్ణి ఎత్తుకోవడం మనందరికీ చిన్నప్పటి నుంచి నేర్పిన పని. ఆడపిల్లకి తమ్ముణ్ణి చంకకెత్తినప్పటి నుంచీ అదే శిక్షణ. ఎత్తుకోకుండా ఉండడం ఎవరూ నేర్పలేదు. ఆ క్షణంలో ఆగాలంటే ఆమె పిల్లాడి కళ్లని గమనించాలి. కుర్చీని చూశాడా లేదా తెలుసుకోవాలి. పడిపోకుండా ఎంత దూరంలో నిలబడాలో అంచనా వేయాలి. మిగతా యాభై మందినీ ఓ కంట కనిపెట్టాలి. ఇదంతా చేసి, ఏమీ చేయనట్టు కనిపించాలి. అందుకే మాంటిస్సోరి పంతులమ్మ అనే మాటనే మార్చి, దారి చూపే మనిషి అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. చెప్పడం కంటే చూడడం పెద్ద విద్య అంది. మొత్తం పద్ధతిలో అతి కష్టమైన భాగం ఇదే. బయటి కంటికి కనిపించని భాగం కూడా ఇదే.

మాంటిస్సోరి స్త్రీల హక్కుల గురించి ముందే మాట్లాడిన మనిషి. 1896లో రోమ్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా తీసుకున్న ఏడాదే బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ స్త్రీల సభలో, సమాన పనికి సమాన వేతనం కావాలని ప్రసంగించింది. 1907 ఏప్రిల్‌లో రెండో శిశుగృహం ప్రారంభించినప్పుడు చేసిన ప్రసంగంలో, పిల్లల పెంపకం ఒక్కో ఇంట్లో ఒక్కో తల్లి మోయాల్సిన బరువుగా ఉండకూడదు, అది సమాజం పంచుకోవాల్సిన పని, అప్పుడే కూలికి వెళ్లే తల్లి నిశ్చింతగా వెళ్లగలుగుతుందన్న అర్థంలో వాదించింది. అయితే ఆ గృహాల నియమావళిలో ఇంకోటి కూడా ఉంది. పిల్లల్ని శుభ్రంగా పంపని తల్లులు, పంతులమ్మ పట్ల గౌరవం చూపని తల్లులు తమ పిల్లలకి ఆ చోటు పోగొట్టుకుంటారు. తల్లి బరువు తగ్గించే మాటా, తల్లి మీద నిఘా పెట్టే మాటా ఒకే కాగితం మీద ఉన్నాయి. పేద స్త్రీల కోసం చదువుకున్న స్త్రీలు చేసిన సంస్కరణలన్నింటిలోనూ ఈ పేచీ మనకి ఎదురవుతుంది.

ఆమె సొంత జీవితంలో ఈ ప్రశ్న మరింత పదునుగా ఉంది. 1898లో పెళ్లి కాకుండానే ఆమెకి కొడుకు పుట్టాడు. తండ్రి తోటి డాక్టరు. ఆ రోజుల్లో అది బయటపడితే ఆమె వృత్తి జీవితం అక్కడితో సరి. మారియో అనే ఆ బిడ్డని రోమ్ దగ్గర ఒక పల్లెలో పెంపుడు కుటుంబానికి అప్పగించారు. శాన్ లొరెంజోలో ఇతరుల పిల్లల్ని చూస్తున్న నాటికి ఆమె కొడుక్కి ఎనిమిదేళ్లు, వాడు వేరే స్త్రీ ఇంట్లో పెరుగుతున్నాడు. దాదాపు పదిహేనేళ్లప్పుడు తల్లి దగ్గరికి వచ్చాక కూడా అతన్ని లోకానికి మేనల్లుడిగానో పెంచుకున్న బిడ్డగానో చెప్పాల్సి వచ్చింది. పంతులమ్మ బిడ్డకి అడ్డం రాకుండా పక్కన నిలబడాలని నేర్పిన స్త్రీ, తన బిడ్డ జీవితంలో అంతకంటే చాలా దూరంగా నిలబడింది. ఆ దూరాన్ని ఆమె ఎంచుకోలేదు. తల్లినో డాక్టర్నో ఏదో ఒక్కటే కమ్మని ఆ సమాజం ఆమె ముందు పెట్టిన షరతు అది.

1939 నవంబర్‌లో తల్లీ కొడుకులిద్దరూ మద్రాసు వచ్చారు. జార్జ్ అరండేల్, రుక్మిణీదేవి దంపతులు అడయారుకి పిలిచారు. తాటాకు పందిళ్ల కింద దాదాపు మూడు వందల మంది శిక్షణకి కూర్చున్నారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో వాళ్లు శత్రుదేశస్థులయ్యారు. మారియోని అహ్మద్‌నగర్‌లో నిర్బంధించి, ఆమెను అడయారు దాటి పోవద్దన్నారు. ఆగస్టు 31న ఆమె డెబ్బయ్యో పుట్టినరోజుకి బ్రిటిష్ ప్రభుత్వం అతన్ని విడుదల చేసింది. ఆ సందర్భంలో వచ్చిన తంతిలో అతన్ని ఆమె కొడుకుగానే పేర్కొన్నారని జీవితచరిత్రలు చెబుతాయి. ఒక వలస ప్రభుత్వపు తంతి ఆమెకి నలభై రెండేళ్ల తర్వాత తల్లి హోదా ఇచ్చిందన్నమాట. యుద్ధకాలమంతా ఆమె ఇక్కడే ఉండిపోయింది. మొత్తం మీద వెయ్యి మందికి పైగా భారతీయ ఉపాధ్యాయులు ఆమె దగ్గర శిక్షణ పొందారు. మన విజయవాడలో 1955లో వి. కోటేశ్వరమ్మ గారు మాంటిస్సోరి పేరుతో బడి పెట్టడానికి ఆ పేరు అప్పటికే మద్రాసు మీదుగా తెలుగునాట వినబడుతూ ఉండడం కూడా కారణమే.

ఆమె మనిషిగా రాకముందే ఆమె పద్ధతి మన దేశానికి వచ్చింది. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా అనే వకీలు, తన కొడుకు చదువు గురించి ఆలోచిస్తూ మాంటిస్సోరి పుస్తకం చదివి, 1920లో దక్షిణామూర్తి బాలమందిరం ప్రారంభించాడు. ఆయన రాసిన 'దివాస్వప్న' మనకి 'పగటికల'గా పరిచయం. పిల్లల్ని కొట్టకుండా, కథలతో ఆటలతో దగ్గరకు తీసిన ఆయన్ని జనం 'మీసాల అమ్మ' అన్నారు. ప్రేమగా పెట్టిన పేరే, ఆయన దానికి అర్హుడే. అయినా ఆ పేరు దగ్గర నేను కొంచెం ఆగుతాను. మగవాడు పిల్లలతో ఓపికగా ఉంటే అది ప్రతిభ, దానికి బిరుదు వస్తుంది. అదే పని స్త్రీ చేస్తే అది ఆమె స్వభావం, దానికి పేరు అక్కర్లేదు.

ఆ బాలమందిరానికి 1923లో తారాబాయి మోడక్ వచ్చింది. ఆమె బొంబాయి పట్టభద్రురాలు. వివాహ బంధం నుంచి బయటికి వచ్చి, చిన్న కూతురితో, రాజ్‌కోట్‌లో స్త్రీల ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉండేది. ఆ గౌరవమైన ఉద్యోగం వదిలేసి గిజుభాయితో చేరింది. 1926లో ఇద్దరూ కలిసి నూతన బాల శిక్షణ సంఘం పెట్టారు. గిజుభాయి 1939లో పోయారు. ఆ తర్వాత ఈ పద్ధతిని పట్నపు మధ్యతరగతి నుంచి పల్లెకు మోసుకెళ్లింది తారాబాయి.

1945లో బొంబాయికి ఉత్తరాన సముద్రపు ఒడ్డున ఉన్న బోర్డి అనే పల్లెలో ఆమె గ్రామ బాల శిక్షణ కేంద్రం మొదలుపెట్టింది. తోడుగా వచ్చిన అనుతాయి వాఘ్ పదమూడేళ్లకే వితంతువైన మనిషి. భర్త పోయాక చదువుకుని టీచరైంది, రాత్రిబడిలో చదివి మెట్రిక్ పాసైంది, యాభై దాటాక డిగ్రీ తీసుకుంది. పల్లెలో వాళ్ల ముందున్న మొదటి ప్రశ్న ఖర్చు. మాంటిస్సోరి వాడిన నున్నటి చెక్క స్తంభాలూ గంటలూ రంగుపలకలూ కొనే స్తోమత లేదు. గవ్వలు, గింజలు, ఆకులు, మట్టి, ఊళ్లో వడ్రంగి చేసిచ్చినవి పోగుచేశారు. పెద్దా చిన్నా, గరుకూ నునుపూ తెలుసుకోవడానికి అవి చాలు.

రెండో ప్రశ్న అంతకంటే గట్టిది. పిల్లలు రావడం లేదు. ముఖ్యంగా అంటరానివాళ్లుగా ఊరు వెలివేసిన పేటల పిల్లలు రావడం లేదు. తారాబాయి, అనుతాయి ఆ పిల్లలకి చదువు మీద ఇష్టం లేదని రాసి ఊరుకోలేదు. బడినే పేటలోకి తీసుకెళ్లారు. ఎవరో ఒకరి ఇంటి వాకిట్లో కూర్చుని, పిల్లలకి స్నానం చేయించి, తల దువ్వి, గింజలూ గవ్వలూ ముందు పరిచారు. వాకిలిని అంగన్ అంటారు కాబట్టి అది అంగన్‌వాడీ అయింది. తర్వాత 1950లలో కేంద్రం కోస్బాడ్ కొండకి మారింది. అక్కడ వార్లీ ఆదివాసీ పిల్లల కోసం, పశువులు కాసేవాళ్ల కోసం పచ్చిక బయళ్లలోనే బడి నడిపారు. బిడ్డ తన పనిని తాను ఎంచుకోవాలన్న సూత్రాన్ని మాంటిస్సోరి గది లోపల అమలుచేస్తే, ఈ ఇద్దరు స్త్రీలు ఆ గదినే బిడ్డ ఉన్నచోటికి నడిపించారు. ఈ విస్తరణ నా దృష్టిలో చిన్న మార్పు కాదు, విద్యాసిద్ధాంతానికి మన దేశం ఇచ్చిన సొంత చేర్పు. అయినా మన బి.ఎడ్. పుస్తకాల్లో మాంటిస్సోరికి అధ్యాయం ఉంటుంది, వీళ్లకి మహా అయితే ఒక వాక్యం ఉంటుంది.

వీళ్ల పక్కన మన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ని కూడా పెట్టి చూడాలి. ఎనిమిదేళ్లకి పెళ్లి చేస్తే, వయసు వచ్చాక ఆ బంధాన్ని కాదన్న మనిషి. 1953లో కేంద్ర సంఘ సంక్షేమ బోర్డుకి అధ్యక్షురాలై, గ్రామాల్లో బాల్వాడీలు నడపడానికి ప్రభుత్వ నిధులు కదిలేలా చేసింది. తారాబాయి, అనుతాయి, దుర్గాబాయి, దూరాన మాంటిస్సోరి. వీళ్లెవరికీ తమ జీవితంలో ముఖ్యమైన విషయాలు తామే ఎంచుకునే వీలు చిన్నప్పుడు గానీ యౌవనంలో గానీ దొరకలేదు. ఎవరితో బతకాలి, బిడ్డని ఎవరి పేరుతో పెంచాలి, ఎప్పటిదాకా చదవాలి అన్నీ ఇతరులే నిర్ణయించారు. అలాంటి స్త్రీలు మూడేళ్ల బిడ్డకి కూడా ఇష్టాయిష్టాలుంటాయని నమ్మి దాని మీద సంస్థలు కట్టారు. మన సాహిత్యంలో 'స్త్రీ' రాసిన చలమే 'బిడ్డల శిక్షణ' రాయడం కూడా ఇలాంటి సంబంధమే. ఇంట్లో అధికారం ఎలా పనిచేస్తుందో చూసినవాళ్లకి స్త్రీ తర్వాత కనబడేది బిడ్డే.

1975 అక్టోబర్ 2న దేశంలో 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైంది. అంగన్‌వాడీ అనే పేరుని ప్రభుత్వం తీసుకుంది. ఇవాళ దేశంలో దాదాపు 14 లక్షల కేంద్రాలున్నాయి. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకి ఆరోగ్య విద్య, వీటితోపాటు ఆరోదిగా బడికి ముందు చదువు. పేరుతోపాటు ప్రభుత్వం ఇంకో ఆలోచన కూడా తీసుకుంది. ఈ పని చేసే స్త్రీ ఉద్యోగి కాదు, గౌరవ కార్యకర్త. ఆమెకి ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. ఊళ్లో ఆడమనిషి ఊళ్లో పిల్లల్ని కాసేపు చూసుకోవడానికి జీతమెందుకన్న లెక్క దీని వెనక ఉంది. పక్కకు జరిగి నిలబడడం అనే కష్టమైన విద్యని ప్రభుత్వం పని లేకపోవడంగా చదివింది.

మూడేళ్ల కింద కృష్ణా జిల్లాలో ఒక అంగన్‌వాడీ కేంద్రంలో కొన్ని రోజులు కూర్చున్నాను. ఒక పాప చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు వంచుతోంది. సగం నేల మీద పోతున్నాయి. టీచర్ అన్నం వండే ఆయాకి పప్పు కొలిచి ఇస్తూనే ఆ పాపని చూస్తోంది. ఏమీ అనలేదు. నాలుగోసారికి నీళ్లు పోకుండా గ్లాసు నిండింది. అప్పుడొక గుడ్డ తెచ్చి పాప పక్కన పెట్టింది. పాపే నేల తుడిచింది. అదే సమయానికి తనిఖీకి వచ్చిన అధికారిణి గుమ్మంలోంచే, "ఊరికే కూర్చున్నావేంటమ్మా, ఏమన్నా చెప్పొచ్చు గదా పిల్లలకి" అంది. టీచర్ లేచి నిలబడి "చూస్తున్నానండీ" అంది. ఆమె వెళ్లాక నాతో, "చూడడం వాళ్ల లెక్కలో పని కాదు మేడం. రిజిస్టర్‌లో దానికి గడి లేదు" అంది. గుడ్ల లెక్కకి గడి ఉంది, బరువుకి ఉంది, బాలామృతానికి ఉంది. ఆమె మాంటిస్సోరి పుస్తకం చదవలేదు. ఆ పని మాత్రం ఆమెకి క్షుణ్ణంగా తెలుసు.

ఆ గడి లేకపోవడం కోర్టుల దాకా వెళ్లింది. 2006లో అమీర్బీ కేసులో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలవి ప్రభుత్వ సివిల్ పోస్టులు కావంది. పదహారేళ్ల తర్వాత, 2022 ఏప్రిల్‌లో, గుజరాత్ నుంచి వచ్చిన మణిబెన్ కేసులో అదే కోర్టు వాళ్లకి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పిచ్చింది. ఆ తీర్పులో నన్ను ఆకట్టుకున్న సంగతి దాని కారణాల్లో ఒకటి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి అక్కడ జరుగుతున్నది విద్యాబోధనే అని కోర్టు గుర్తించింది. అది పూర్తికాలపు పనేనంది. అంటే ఆమె చేసేది చదువు చెప్పడమని ఒప్పుకున్నాకే ఆమె శ్రామికురాలిగా కనిపించింది.

2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు వేతనాల పెంపు, గ్రాట్యుటీ కోసం సమ్మెకి దిగారు. అది 42 రోజులు సాగింది. జనవరి మొదటివారంలో ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. అది అత్యవసర సేవలు ఆపకూడదనే చట్టం. జీతం అడిగితే గౌరవ కార్యకర్త, పని ఆపితే అత్యవసర సేవ. యాభై ఏళ్లుగా నడుస్తున్న ఒక వైరుధ్యాన్ని ప్రభుత్వమే ఒక్క ఉత్తర్వుతో బయట పెట్టుకుంది.

ఇంకోపక్క మన ఊళ్లలో ప్రతి సందులోనూ మాంటిస్సోరి బోర్డు కనిపిస్తుంది. ఆ పేరుని ఎవరైనా పెట్టుకోవచ్చు. మా అమ్మాయిని చేర్చడానికి వెళ్లిన అలాంటి ఒక బడిలో మూడేళ్ల పిల్లలు వరుసల్లో కూర్చుని నాలుగు గీతల పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలు దిద్దుతున్నారు. గులాబీ రంగు దిమ్మెలు గాజు బీరువాలో ఉన్నాయి, బీరువాకి తాళం ఉంది. తరగతికో టీచరమ్మ, అందరూ పాతికేళ్ల లోపువాళ్లు, ఏడాదికోసారి మారిపోయేవాళ్లు. వాళ్ల జీతాలు అడిగితే చెప్పే సంప్రదాయం లేదు. తాళం విషయంలో ఆ పంతులమ్మలని నేను తప్పుపట్టను. వస్తువు పోతే జీతంలో కోతపడే మనిషి బీరువా తెరిచి ఉంచలేదు. గదిలో బిడ్డకి ఎంత స్వేచ్ఛ ఉంటుందన్నది ఆ గదిలో పెద్దమనిషికి ఎంత భద్రత ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది.

2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచే చదువు అంటోంది, ఆటతో కూడిన బోధన అంటోంది. మంచిమాటే. దాన్ని అమలుచేయాల్సిన చేతులు మాత్రం పాతవే. ఆ చేతుల్లో ఇప్పుడు రిజిస్టర్లతోపాటు ఫోను కూడా ఉంది.

స్త్రీల చరిత్ర రాసేవాళ్లుగా ఇక్కడ మనకొక పని ఉంది. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలో స్త్రీలు అన్నం వండారు, కబుర్లు మోశారు అని మాత్రమే తెలిసిన మనకి, ఆ వండడమూ మోయడమూ రాజకీయమేనని ఆ స్త్రీల గొంతులే చెప్పాయి. 1975 తర్వాత మొదటి విడతల్లో చేరిన అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు ఇప్పుడు వృద్ధాప్యంలో ఉన్నారు. పెన్షన్ లేకుండా రిటైరయ్యారు. ఏ పిల్లాడు ఎందుకు మాట్లాడడం లేదో, ఏ పిల్లకి ఎప్పుడు చేయి అందించాలో, ఎప్పుడు ఊరుకోవాలో వాళ్లకి తెలిసినంత ఏ విధాన పత్రానికీ తెలియదు. అదంతా కాగితం మీద లేదు. టేపురికార్డరు పట్టుకుని వాళ్ల వాకిళ్లలోకి మనమే వెళ్లాలి, తారాబాయి, అనుతాయి వెళ్లినట్టు.